రెండు-ఎ ఇంట్లో లేదు

కుసకబే తోకుజిరోగారికి లోకంలో తెలిసిన ప్రశ్న ఒక్కటే: "ఎక్కడ?"

ఏమిటి, ఎందుకు, ఎలా అనే మిగతా ప్రశ్నలన్నీ ఆయన ఇతరులకు వదిలేశారు. కనజావాలోని ఒక విశ్వవిద్యాలయంలో, ఒరిహరా సెన్సే అని అందరూ పిలిచే ప్రొఫెసరుగారి పరిశోధనశాలలో, ముప్పై తొమ్మిదేళ్లుగా ఆయన ఉద్యోగం ఎలుకల అవయవాలను మైనపు దిమ్మల్లో పొదిగి, తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పల్చన పొరలుగా కోసి, స్లైడుల మీద పరచడం. కోసేటప్పుడు ఊపిరి బిగబట్టేవారు. వదిలాక ఎదురుగా ఎవరుంటే వాళ్లని అడిగేవారు, "ఎక్కడ?" అని.

ఒకరోజు తెరుయా అనే పరిశోధకుడు గుమ్మంలోంచే కేక పెట్టుకుంటూ వచ్చాడు.

"కుసకబే-సాన్! నాకు కూతురు పుట్టింది!"

"ఎక్కడ?"

"ఆస్పత్రిలో."

"ఆస్పత్రిలో ఎక్కడ?"

"మూడో అంతస్తులో."

"కిటికీ వైపు మంచమా, తలుపు వైపా?"

తెరుయా అది చూడలేదు. సాయంత్రం ఆస్పత్రికి వెళ్లినప్పుడు గుర్తుపెట్టుకుని చూసి, మర్నాడు వచ్చి చెప్పాడు, కిటికీ వైపని. అప్పుడు గాని కుసకబేగారి నోట "చాలా సంతోషం" అన్న మాట రాలేదు.

ఏడాదికోసారి ఆ భవనంలో మంటలొస్తే ఏం చేయాలో అభ్యాసం చేయించేవారు. ఎవరో ఒకరు నడవాలో నిలబడి "మంట! మంట!" అని అరవాలి. కుసకబేగారు తల బయట పెట్టి "ఎక్కడ?" అనేవారు. ఏడాది మొత్తంలో ఆ ప్రశ్న అందరికీ సబబుగా తోచేది ఆ ఒక్కరోజే.

ఆయన తండ్రి అదే ఊళ్లో పోస్ట్‌మాన్. పాతపేటల్లో ఇళ్ల నంబర్లు కట్టిన వరసలో పడ్డవి గాని నిలబడ్డ వరసలో కాదు. మూడు పక్కన పద్నాలుగు ఉంటుంది, పద్నాలుగు ఎదురుగా ఇరవై రెండు, నాలుగు ఎటు పోయిందో నాలుగులో ఉండేవాళ్లకే తెలియాలి. "ఉత్తరం ఊరు చేరిందంటే లెక్కలోకి రాదురా, డబ్బాలో పడ్డ చప్పుడు వినిపించాలి" అని తండ్రి ఎప్పుడూ అనేవాడట. కొడుకు ఉత్తరాల జోలికి పోలేదు గాని ఆ చప్పుడు కోసం చెవి రిక్కించడం మానలేదు.

ఒరిహరా సెన్సేది కన్నా ఆయనకు తగిన పరిశోధనశాల భూమ్మీద ఇంకోటి ఉండదు. అక్కడ అందరూ బతికేది ఒకే ఒక్క కుటుంబం మీద. కణాల గోడల్లో ఉండే కొవ్వును కత్తిరించే ఎంజైములవి. ఫాస్ఫోలైపేజులంటారు. వాటిలో ఈ శాఖవారు కణాల్లో తయారై, బయటికొచ్చి పనిచేసే రకం. అన్నదమ్ములు పదకొండు మంది. పేర్లు చూస్తే డోర్ నంబర్లలా ఉంటాయి: ఒకటి-బి, రెండు-ఎ, రెండు-ఎఫ్, అయిదు, పది. అందరివీ ఒకే పోలిక మొహాలు, వేరు కాపురాలు. ఒకటి-బి క్లోమంలో ఉండి తిండి అరిగించే పని చూసుకుంటుంది. రెండు-ఎ చిన్నపేగు గుంటల అడుగునా కన్నీళ్లలోనూ కాపలా కాస్తూ సూక్ష్మజీవుల్ని చంపుతుంది. రెండు-డి లింఫు గ్రంథుల్లో, రెండు-ఇ వెంట్రుక కుదుళ్లలో, రెండు-ఎఫ్ చర్మం పై వరసల్లో, అయిదు గుండెలో, పది పెద్దపేగులో. మూడు నంబరువాడు మగ ఎలుకల సంతాన వ్యవహారాల దగ్గర ఉంటాడు. ఈ మాట చెప్పేటప్పుడు ఒరిహరా సెన్సే గొంతు తగ్గించేవారు. కుసకబేగారు పెంచేవారు.

మిగతావాళ్లకు ఈ అన్నదమ్ములు ఏ జబ్బు తెస్తారు, ఏ జబ్బు ఆపుతారు అన్నది కావాలి. కుసకబేగారికి అక్కర్లేదు.

"ఏం చేస్తున్నాడన్నది తర్వాత. ముందు ఎక్కడుంటున్నాడో చెప్పండి."

"ఊపిరితిత్తుల్లో, కుసకబే-సాన్."

"ఊపిరితిత్తుల్లో అంటే? కనజావాలో ఉంటాడన్నట్టు. గొట్టం గోడలోనా, గాలి తిత్తిలోనా?"

"అంత చూడలేదండి. మొత్తం నూరి కొలిచాం."

నూరడం అన్న మాట ఆయన దగ్గర అనకూడదు. "ఊరంతా మిక్సీలో వేసి తిప్పి, ఇందులో ఒక పళ్ల డాక్టరున్నాడని చెబితే నా పన్నునొప్పి తగ్గుతుందా?" అనేవారు. ముప్పై తొమ్మిదేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అన్నారంటే, ఒరిహరా సెన్సే మిక్సీ దగ్గరికి వెళ్లాల్సి వస్తే ముందు నడవాలోకి తొంగిచూసి వెళ్లేవారు.

ఇలాంటి మనిషి ఉన్న చోటికి చిగుసా పరిశోధన విద్యార్థినిగా వచ్చింది. మొదటిరోజు నడుం వంచి నమస్కారం చేసి, ఇంకా పూర్తిగా లేవకముందే ప్రశ్న వచ్చింది.

"నువ్వుండేది ఎక్కడ?"

"కొడత్సునో కొండ కిందండి."

"కింద అంటే? గీసి చూపించు."

కాగితం మీద గీసింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి చూశారు.

"బస్సు స్టాపు ఏ వైపు?"

మళ్లీ గీసింది.

"నీ గది తలుపు ఏ దిక్కుకి తెరుచుకుంటుంది?"

మూడోసారి గీసింది. ఆ మూడో కాగితాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నారు. చిగుసా తెల్లబోయి తెరుయా వైపు చూసింది.

"కంగారు పడకు," అన్నాడు తెరుయా. "నా దగ్గర అయిదు గీయించారు. కూల్‌డ్రింకుల మిషన్ నింపడానికొచ్చే అతని దగ్గర కూడా తీసుకున్నారు."

"ఏం చేసుకుంటారు వాటిని?"

"ఎవరికి తెలుసు? ఎవరూ అడగలేదు."

చిగుసా రెండేళ్లు ఓర్చుకుంది. రెండో ఏడు చివర్లో ఒక సోమవారం సమావేశంలో ఆయన ఆమెను పద్నాలుగుసార్లు "ఎక్కడ?" అన్నారు. తెరుయా కాగితం మీద గీతలు పెట్టి లెక్కించాడు. పదిహేనోది వస్తే ఏడుస్తానని ఆమె నిశ్చయించుకుంది. ఆ వారం నుంచి కింది అంతస్తులో మూలపడ్డ పాత కోత యంత్రాన్ని తుడిచి, నూనె వేసి, తన పొరలు తనే కోసుకోవడం మొదలుపెట్టింది. కొంచెం వంకరగా వచ్చేవి. అయినా అవి ప్రశ్నలడిగేవి కావు.

అలా ఏడాది పైన సొంతంగా పనిచేసి ఆమె పెద్ద విషయమే పట్టింది. పొలుసులు రాలే జబ్బుపడ్డ చర్మంలో, పై వరసల్లో, రెండు-ఎ గుట్టలుగా ఉంది. అక్కడ ఉంటుందని ఎవరూ అనుకోని చోట! రెండు-ఎని పట్టే యాంటీబాడీ డబ్బా కొన్నది. మనుషులదీ ఎలుకలదీ రెంటినీ పడుతుందని డబ్బా మీద రాసి ఉంది. అది అంటుకున్న చోటల్లా పొర గోధుమరంగు తేలుతుంది. సరిగ్గా పనిచేస్తోందని రుజువుకు అదే ఎలుక చిన్నపేగు కూడా కోసి చూసింది. రెండు-ఎ సొంతిల్లు అదే కదా. గుంటల అడుగున చక్కటి గోధుమరంగు! సిద్ధాంత వ్యాసం రాసేసింది. సెందాయ్‌లో చర్మవ్యాధుల సంస్థలో ఉద్యోగం ఖాయమైంది, ఏప్రిల్ ఒకటి నుంచి. ఒక్కటే షరతు: మార్చి లోపల డాక్టరేటు చేతికి రావాలి. రాకపోతే ఆ కుర్చీ వరసలో తర్వాతివాళ్లది.

ఫిబ్రవరిలో, పరీక్ష పదకొండు రోజులుందనగా, పరిశోధనశాలలో నమూనా ప్రసంగం పెట్టారు. బయట మంచు, వాన, ఉరుము మూడూ కలిసి పడుతున్నాయి. కుసకబేగారు వెనక వరసలో కూర్చున్నారు. చిగుసా చర్మం బొమ్మ చూపించింది.

"ఎక్కడ?"

ఆమె ఈసారి సిద్ధంగా ఉంది. "చర్మం పై వరసల్లో. చచ్చిన పొరకు సరిగ్గా కింద. వెంట్రుక కుదుళ్లలో కాదు, అడుగు వరసలో కాదు."

కుసకబేగారు తల ఊపారు. ఆయన తల ఊపడం తెరుయా ఆరేళ్లలో అదే మొదటిసారి చూడటం. చిగుసా గెలిచినట్టే నవ్వి, పేగు బొమ్మ వేసింది.

"పేగులో గుంటల అడుగున. రుజువు కోసం."

కుసకబేగారు కళ్లజోడు ఎత్తారు. దించారు. తర్వాత ముప్పై తొమ్మిదేళ్లలో మొట్టమొదటిసారి ఇంకో ప్రశ్న అడిగారు.

"ఎవరి పేగు?"

గదిలో అందరూ వెనక్కి తిరిగారు.

"ఎలుకదండి."

"ఏ ఎలుక?"

"నల్ల ఎలుక. మన దగ్గర అందరూ వాడేదే."

"నల్ల ఎలుకకు రెండు-ఎ లేదమ్మా," అన్నారు కుసకబేగారు మెల్లిగా. "ఆ జాతికి ఆ జన్యువులో ఎప్పుడో ఒక అక్షరం తప్పు పడింది. ఇల్లుంది, వాకిలుంది, మనిషి లేడు. తెల్ల ఎలుక ఇంట్లో ఉన్నాడు. నల్ల ఎలుక ఇంట్లో పుట్టనే లేదు."

ఇది ఆ గదిలో ఎవరికీ తెలియని సంగతి కాదు. ఒరిహరా సెన్సేకి తెలుసు, ఒక పాత వ్యాసం అడుగున చిన్న అక్షరాల్లో ఆయనే రాశారు. తెరుయాకి తెలుసు. ఆ మాటకొస్తే చిగుసా కూడా మొదటి ఏడాది ఎక్కడో చదివింది. ఎలుకల గదిలో ఎటు చూసినా నల్లవే కనబడుతుంటే ఇలాంటివి గుర్తుండవు. ఒరిహరా సెన్సే తన బూట్ల లేసుల వైపు చాలాసేపు చూశారు.

లేని మనిషి పేగులో కనబడ్డాడంటే చర్మంలో కనబడ్డవాడూ వాడు కాడు. యాంటీబాడీ ఇంకెవరినో పట్టుకుంటోంది. మూడేళ్లు, పదకొండు రోజులు, సెందాయ్ కుర్చీ, అన్నీ ఒక్కసారి చిగుసా కళ్లముందు తిరిగాయి. ప్రొజెక్టరు ఆర్పేసి, నడవాలో గొడుగులు పెట్టే చోట నిలబడి ఏడ్చింది.

వెనక అడుగుల చప్పుడు. కుసకబేగారు. చేతిలో రుమాలు ఉంటుందేమోనని చూసింది. లేదు. వేలెడంత ప్లాస్టిక్ గొట్టం ఉంది, మూత తీసి.

"ఇందులో పట్టు," అన్నారాయన.

"ఏంటండీ?"

"మనిషి కన్నీళ్లలో రెండు-ఎ దండిగా ఉంటుంది. నువ్వు నల్ల ఎలుకవి కాదుగా. నీ డబ్బా యాంటీబాడీ అసలు వాణ్ణి గుర్తుపడుతుందో లేదో తేలిపోతుంది. వృథా చేయకు, కారిపోతోంది చూడు."

చిగుసాకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. నవ్వొచ్చేసరికి కన్నీళ్లు ఆగిపోయాయి. మూడు చుక్కలు పడ్డాయంతే.

"చాలవు," అన్నారు కుసకబేగారు గొట్టాన్ని దీపం వైపు ఎత్తిపట్టి. "ఇంకేదైనా బాధ ఉందా?"

చివరికి తెరుయాను కూర్చోబెట్టి ఉల్లిపాయలు తరిగించారు. కూతురు పుట్టినప్పుడు కూడా తను అంత ఏడవలేదని అతను తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. మర్నాటికి తేలింది. ఇద్దరి కన్నీళ్లలోనూ అంత రెండు-ఎ ఉన్నా ఆ యాంటీబాడీ దాన్ని పలకరించనైనా పలకరించలేదు. డబ్బా మీద పేరు ఒకరిది, లోపల ఉన్నది ఇంకొకరి చుట్టం.

"మరి నా చర్మంలో కనబడ్డది ఎవరండీ?" అంది చిగుసా.

"చర్మం పై వరసల్లో అన్నావు. చచ్చిన పొరకు సరిగ్గా కింద." కుసకబేగారు గోడ వైపు చూపించారు. అక్కడ ఎలుక ఒంటిని ఊరి మ్యాపులా గీసి, ఒక్కో పేటలో ఒక్కో ఎంజైము పేరు చిన్న చెక్క మీద రాసి మేకు కొట్టి ఉంది. "అక్కడ ఎవరుంటారు?"

చిగుసా చెక్క చదివింది. "రెండు-ఎఫ్."

"మొహాలు ఒకటే. నీ డబ్బావాడు తమ్ముణ్ణి చూసి అన్న అనుకున్నాడేమో. ఇల్లు నువ్వు సరిగ్గానే పట్టావు. తలుపు మీద పేరు తప్పు రాశావు. పేగులోదంటావా, ఆ గుంటల అడుగున జిడ్డు ఎక్కువ. దారినపోయేవాళ్లందరూ అంటుకుంటారు."

"రుజువు చేయాలంటే రెండు-ఎఫ్ జన్యువు తీసేసిన ఎలుక చర్మం కావాలి. అది తెప్పించి, కోసి..." ఆమె వేళ్లు లెక్కపెట్టింది. "రెండు నెలలు. నాకున్నది పది రోజులు."

కుసకబేగారు లేచి, కిటికీ కింద ఉన్న ఇనుప బీరువా దగ్గరికి వెళ్లారు. అందరూ పాత కాగితాలు ఉంటాయనుకునే బీరువా. నలభై దాకా చిన్న సొరుగులు. ఒక్కో సొరుగు మీద ఒక్కో మడతలు పడ్డ కాగితం అంటించి ఉంది. చిగుసా దగ్గరికెళ్లి చూసింది. తెరుయా ఇల్లు, ఒరిహరా సెన్సే పాత అద్దె ఇల్లు, ఎప్పుడో వెళ్లిపోయిన విద్యార్థుల ఇళ్లు. మూడో వరసలో కొండ, బస్సు స్టాపు, తూర్పుకి తెరుచుకునే తలుపు. తను గీసిన మూడో కాగితం.

సొరుగు లాగింది. మైనపు దిమ్మలు, వరసగా, ఒక్కోదానికి చీటీతో. తెల్ల ఎలుక పేగు. తెల్ల ఎలుక చర్మం. నల్ల ఎలుకవి. టోక్యోలో ఎవరో స్నేహితుడు పంపిన రెండు-ఎఫ్ లేని ఎలుక చర్మం, రెండేళ్ల కిందటి తేదీతో. ఆమె ఈ పని ఎత్తుకుందని తెలిసిన వారమే మొదలుపెట్టినట్టున్నారు.

"ఇవన్నీ... నాకా?"

"అందరికీ ఒక్కోటి ఉంది. చివరి పదిరోజుల్లో ఎవరికైనా ఏదో ఒకటి కావలసే వస్తుంది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంటండీ!"

కుసకబేగారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఎక్కడున్నాయని నువ్వు అడగలేదుగా."

తొమ్మిది రోజులు ఇద్దరూ ఎదురెదురు యంత్రాల మీద కోశారు. మామూలు చర్మంలో గోధుమరంగు వచ్చింది. రెండు-ఎఫ్ లేని చర్మంలో పొర తెల్లగా, శుభ్రంగా ఉండిపోయింది. ఇన్నాళ్లూ కనబడ్డది తమ్ముడే. సిద్ధాంత వ్యాసంలో నూట పన్నెండు చోట్ల ఎ కొట్టేసి ఎఫ్ రాసింది చిగుసా. పేగు బొమ్మను తీసేయలేదు. "నా పొరపాటు" అని శీర్షిక పెట్టి చివర్లో వేసింది.

పరీక్ష రోజున బయటి నుంచి వచ్చిన మురోగా సెన్సే పేరుమోసిన కోపిష్టి. ఆ చివరి బొమ్మ దగ్గర ఆయన ముందుకి వంగారు.

"నల్ల ఎలుకలో రెండు-ఎ లేదని తెలియకుండా ఈ పని ఎలా చేశావమ్మా?"

"మర్చిపోయానండి. నాలాగే మర్చిపోయినవాళ్ల అచ్చు వ్యాసాలు వెతికితే మూడు దొరికాయి. పట్టిక ఇచ్చాను."

మురోగా సెన్సే పట్టిక చూశారు. రెండో పేరు దగ్గర ఆగిపోయారు. మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడ్డారు. "సరే సరే," అన్నారు. "చిన్నప్పటి వ్యాసాల గురించి ఇప్పుడెందుకులే."

వెనక వరస నుంచి వినబడింది: "ఎక్కడ అచ్చయిందండీ?"

డాక్టరేటు వచ్చింది.

సెందాయ్ వెళ్లే ముందు కుసకబేగారి ఇంటికి మిఠాయి పెట్టె పట్టుకెళ్లి నమస్కారం చేసి రావాలనుకుంది చిగుసా. చిరునామా కోసం తెరుయాను అడిగింది. తెలియదన్నాడు. ఒరిహరా సెన్సేని అడిగింది. ఆయన "నదికి అవతల అనుకుంటా... ఇవతలా?" అన్నారు. ఊరందరి తలుపులు ఏ దిక్కో తెలిసిన మనిషి ఇల్లు ఎక్కడో ఆ భవనంలో ఒక్కరికీ తెలియదు.

ఆమె నేరుగా ఆయన దగ్గరికే వెళ్లింది. "కుసకబే-సాన్, మీ ఇల్లు ఎక్కడ?"

కోత యంత్రం ఆగింది. ఆయన కోటు లోపలి జేబులోంచి ఒక కాగితం తీసి ఇచ్చారు. మ్యాపు. మడతల దగ్గర చిరిగితే మూడుచోట్ల టేపు వేసి ఉంది. పచారీ కొట్టు, కుక్క ఉన్న ఇల్లు, పడమటికి తెరుచుకునే తలుపు, అన్నీ ఉన్నాయి. రెండు సందులు కలిసే చోట మాత్రం పేరు లేని చిన్న గుండ్రం ఉంది.

వస్తానని ఆయనకు చెప్పిన ఆదివారం మధ్యాహ్నం, సన్నటి వానలో, మ్యాపు పట్టుకుని బయల్దేరింది. కొట్టు దొరికింది. కుక్క మొరిగింది. మూడు కనబడింది, దాని పక్కన పద్నాలుగు, ఎదురుగా ఇరవై రెండు, మళ్లీ తిరిగితే అదే కుక్క. రెండో చుట్టు తిరిగేసరికి మిఠాయి పెట్టె తడుస్తోంది. రెండు సందులు కలిసే మూలకు వచ్చి చూస్తే, అక్కడ నల్ల గొడుగు కింద కుసకబేగారు నిలబడి ఉన్నారు.

"దారి తప్పానండి!"

"తెలుసు. వచ్చేవాళ్లెవరైనా ఇక్కడే తప్పుతారు," అన్నారాయన, గొడుగు ఆమె వైపు వంచుతూ.

చిగుసా మ్యాపు తెరిచి వేలు పెట్టింది. "ఇంతకీ ఈ గుండ్రం ఏంటండీ? పేరు రాయలేదు."

"అదా? నేను నిలబడే చోటు."